మన తరగతిలో రంజాన్: ఇస్లాం గురించి కొన్ని సంగతులు



ఈ పాఠం రాయడానికి కారణం మేము చేసిన ఒక పొరపాటు. అందుకని ముందు దాని గురించే చెబుతాం.

2024లో దసరా సెలవుల తరువాత ఎనిమిదో తరగతిలోకి ఒక కొత్త అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్నగారు రైల్వే ఉద్యోగి. గుంటూరు వైపు నుంచి ఖరగ్‌పూర్‌కు బదిలీ అయి వచ్చారు, నింపురాలో క్వార్టరు దొరికింది. మేము హాజరు పట్టీలో పేరు చూసి ఆ అబ్బాయిని హిందీలో పలకరించాం. తెలుగు పీరియడ్‌లో కూర్చోవడం ఇబ్బందిగా ఉంటే లైబ్రరీకి వెళ్లవచ్చని కూడా చెప్పాం. ఆ అబ్బాయి మా వైపు కాసేపు చూసి, "మాది చిలకలూరిపేట పక్కన పల్లెటూరు మాస్టారూ. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. నాకు హిందీయే సరిగ్గా రాదు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. పిల్లలు మమ్మల్ని చూసి నవ్వారని మేము అనుకున్నాం. ఆ అబ్బాయి మాత్రం తనను చూసి నవ్వారనుకున్నాడని చాలా రోజుల తరువాత తెలిసింది.

మార్చి వచ్చింది. 2025లో మన దేశంలో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. ఆ వారంలోనే తరగతిలో ఒక అమ్మాయి పుట్టినరోజని చాక్లెట్లు పంచింది. ఆ అబ్బాయి ఒకటి తీసుకుని జేబులో వేసుకున్నాడు. "తినవేం?" అని ఎవరో అడిగారు. "రోజా ఉన్నా" అన్నాడు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. నీళ్లు కూడా తాగవా? మసీదులో ఎవరి బొమ్మ ఉంటుంది? మీ పండుగ ప్రతి ఏడాదీ ఒకే నెలలో ఎందుకు రాదు? నువ్వు తెలుగువాడివా, ముస్లింవా? పదమూడేళ్ల పిల్లవాడు. తెలిసినవి చెప్పాడు. తెలియనివాటికి "మా అమ్మనడిగి చెబుతా" అన్నాడు. మరునాటి నుంచి భోజన విరామంలో గదిలో ఉండటం మానేశాడు.

మీ ప్రశ్నలు చెడ్డవని మేము అనడం లేదు. కాని ముప్పై మంది ఒక్కడిని చుట్టుముట్టి అడిగితే మంచి ప్రశ్న కూడా బరువుగానే ఉంటుంది. ఇది మీకు వేరే చెప్పనక్కరలేదు. బదిలీల మీద తిరిగే ఇళ్లలో పుట్టిన మీకు కొత్త బడిలో మొదటి వారం ఎలా గడుస్తుందో బాగా తెలుసు. "మీరు రోజూ ఇడ్లీలే తింటారా?" అని ఒక ఊళ్లో తనను అడిగారని మీలో ఒకరు వ్యాసంలో రాశారు. మమ్మల్నయితే ఒకచోట రెండేళ్లపాటు "మద్రాసీ సార్" అనే పిలిచారు. మేము పుట్టి బుద్ధెరిగాక మద్రాసు చూసింది ఒక్కసారే.

ఆ ప్రశ్నలకు జవాబులు మేమే తెలుసుకుని ఇక్కడ రాస్తున్నాం. రాసినదాన్ని ఆ అబ్బాయి నాన్నగారికి చూపించాం. ఆయన రెండుచోట్ల ఎర్ర సిరాతో దిద్దారు. ఆ రెండు తప్పులనూ దాచకుండా వాటి చోట్లలో చెబుతాం.

ముందు పేరు సంగతి. ఇస్లాం అనేది అరబ్బీ మాట. దేవునికి తనను తాను అప్పగించుకోవడం అని దాని అర్థం. శాంతి అనే అర్థమిచ్చే 'సలాం' కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. అలా అప్పగించుకున్నవారు ముస్లిం. 'అల్లాహ్' అంటే అరబ్బీలో దేవుడనే. అరబ్బు దేశాల్లోని క్రైస్తవులు కూడా తమ ప్రార్థనల్లో ఆ మాటే వాడతారు.

దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి లేరు, రూపం లేదు అన్నది ఇస్లాంలో మొదటి విశ్వాసం. అందుకే మసీదులో బొమ్మగాని విగ్రహంగాని ఉండదు. మక్కా దిక్కును చూపే ఒక గూడు గోడలో ఉంటుంది, అంతే. దాన్ని మిహ్రాబ్ అంటారు. ఆ ఒక్క దేవుడు కాలానుగుణంగా మనుషుల్లోంచి ప్రవక్తలను ఎన్నుకుని తన మాట పంపాడని ముస్లింలు నమ్ముతారు. ఇబ్రాహీం, మూసా, ఈసా ఆ ప్రవక్తలలో ఉన్నారు. క్రైస్తవ మిత్రులు అబ్రహాము, మోషే, యేసు అని పిలిచేది వీరినే. చివరి ప్రవక్త మహమ్మద్. దేవదూతలను, దైవ గ్రంథాలను, చనిపోయాక అందరూ లేచి తమ పనులకు జవాబు చెప్పుకోవలసిన తీర్పు రోజును, విధిని కూడా నమ్ముతారు.

మా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. మేము "ముస్లింలు మహమ్మద్ ప్రవక్తను పూజిస్తారు" అని రాశాం. ఆయన ఆ వాక్యం కొట్టేసి పక్కన ఇలా రాశారు: "ప్రవక్తను ప్రేమిస్తాం, గౌరవిస్తాం, ఆయన నడిచిన దారిలో నడవాలని చూస్తాం. పూజ మాత్రం అల్లాహ్‌కే." ఇది చిన్న తేడా కాదు. ఇస్లాంలోకి అడుగుపెట్టే వాక్యం, అంటే కలిమా, చెప్పేది కూడా ఈ రెండు సంగతులే: అల్లాహ్ తప్ప ఆరాధనకు తగినవాడు లేడు, మహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త.

మహమ్మద్ ప్రవక్త సుమారు 570లో అరేబియాలోని మక్కాలో పుట్టారు. ఆయన పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్ల వయసులో తల్లి పోయింది. తాతగారి దగ్గర, తరువాత తండ్రి సోదరుడు అబూ తాలిబ్ దగ్గర పెరిగారు. ఒంటెల బిడారులతో వర్తకానికి వెళ్లేవారు. ఖదీజా అనే వర్తకురాలి సరుకు నమ్మకంగా అమ్మిపెట్టారు, తరువాత ఆమెనే పెళ్లాడారు. నలభై ఏళ్ల వయసులో, 610 ప్రాంతంలో, హిరా కొండగుహలో ఒంటరిగా ధ్యానంలో ఉన్నప్పుడు జిబ్రయీల్ అనే దేవదూత ద్వారా మొదటి దైవవాణి వచ్చిందని విశ్వాసం. ఆ వాణి "చదువు" అనే ఆజ్ఞతో మొదలైందని చెబుతారు. ఉపాధ్యాయులం కనుక మాకు ఆ సంగతి ప్రత్యేకంగా గుర్తుండిపోయింది. ఆ తరువాత దాదాపు 23 ఏళ్లపాటు వచ్చిన వాక్యాల సంపుటమే ఖురాన్. అందులో 114 అధ్యాయాలున్నాయి. వాటిని సూరాలంటారు. మొత్తం కంఠస్థం చేసినవారిని హాఫిజ్ అంటారు. మీరు పద్యం అప్పగించమంటే నాలుగో పాదం దగ్గర ఆగిపోతారు కదా, మీ వయసువాళ్లలోనే మొత్తం ఖురాన్ అప్పగించగల పిల్లలున్నారు.

ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ఉత్తరాంధ్రలో పుట్టారు, అనంతపురం కళాశాలలో బోధించారు. 1937లో వచ్చిన 'ఆంధ్రభాషా చరిత్రము' రాసిన పండితుడు ఆయనే. నింపురాలో ఉన్న మీ తాతముత్తాతల్లో చాలామంది రైల్వే పనులకు వచ్చింది కూడా ఆ ఉత్తరాంధ్ర నుంచే.

ఇప్పుడు మీకు బాగా దగ్గరైన కథ చెబుతాం.

ఒకే దేవుడనే బోధ మక్కాలోని పెద్దలకు నచ్చలేదు. నమ్మినవారిని హింసించారు. చివరికి 622లో ప్రవక్త, ఆయన అనుచరులు సొంత ఊరు వదిలి సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని మదీనాకు తరలిపోయారు. ఆ వలసను హిజ్రత్ అంటారు. పదిహేను పదహారేళ్ల తరువాత, ఖలీఫా ఉమర్ కాలంలో, ముస్లింలకు ఒక శకం కావాలనుకున్నప్పుడు దేని నుంచి లెక్క మొదలుపెట్టాలన్న చర్చ వచ్చింది. ప్రవక్త పుట్టిన ఏడాదిని తీసుకోలేదు, దైవవాణి వచ్చిన ఏడాదినీ తీసుకోలేదు. ఊరు మారిన ఏడాదినే మొదటి ఏడాదిగా పెట్టారు. అందుకే అది హిజ్రీ శకం.

మదీనాకు చేరినవారికి అక్కడ ఇల్లు లేదు, పొలం లేదు, బంధువులు లేరు. ప్రవక్త అప్పుడు చేసిన పని ఏమిటంటే, వలస వచ్చిన ఒక్కొక్కరికీ స్థానికుల్లో ఒక్కొక్కరిని జత కలిపి అన్నదమ్ములుగా ప్రకటించడం. వచ్చినవారు ముహాజిర్లు, ఆదుకున్న స్థానికులు అన్సార్లు. ఇంట్లో చోటు, తిండి, పని పంచుకున్నారు. మా ఉద్యోగంలో మేము నాలుగు ఊళ్లు మారాం. ప్రతిచోటా మొదటి రోజు "గ్యాస్ బండ వచ్చేదాకా మా ఇంట్లో తినండి" అన్నవారు ఒకరో ఇద్దరో దొరికారు. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు మాకు వారే గుర్తొచ్చారు.

ప్రయాణికుడి మీద ఇస్లాంకు మొదటి నుంచీ ఒక దృష్టి ఉంది. ఆచారాలు చెబుతూ దాన్నీ కలిపి చెబుతాం.

రోజుకు ఐదుసార్లు నమాజు చేయాలి. తెల్లవారుజామున ఫజ్ర్, మధ్యాహ్నం జొహర్, సాయంత్రం అసర్, పొద్దు గుంకగానే మగ్రిబ్, రాత్రి ఇషా. వేళ అయిందని పిలిచే పిలుపు అజాన్. మొట్టమొదట అజాన్ పిలిచినది బిలాల్. ఆయన అబిసీనియా మూలానికి చెందిన నల్లజాతి మనిషి, బానిసగా ఉండి విడుదల పొందినవాడు. ఊరి పెద్దలుండగా ఆ గౌరవం ఆయనకు దక్కింది. నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, మోచేతుల దాకా, పాదాలు కడుక్కోవాలి. దీన్ని వజూ అంటారు. నీళ్లు దొరకని చోట శుభ్రమైన మట్టిని తాకి చేతులు, ముఖం తుడుచుకుంటే చాలు. నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చు, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మసీదులో సామూహికంగా చేస్తారు. వరుసలో ఎవరు ముందు వస్తే వారు ముందు. ఆఫీసరు, ఖలాసీ భుజం భుజం కలిపి నిలబడతారు. ముందుండి నడిపించే ఇమాం పదవి పుట్టుకతో వచ్చేది కాదు, చదువుతో వచ్చేది.

నమాజు ఎటు తిరిగి చేయాలి? మక్కాలోని కాబా వైపు. ఖరగ్‌పూర్ నుంచి అది దాదాపు పడమర, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. మన దేశంలో పడమర చూస్తారు కనుక "ముస్లింలు పొద్దు గుంకే దిక్కుకు మొక్కుతారు" అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. లండన్‌లో ఉన్నవారు ఆగ్నేయం వైపు తిరుగుతారు. అట్లాసు తీసి చూడండి, అర్థమవుతుంది.

ప్రయాణంలో ఉన్నవారికి నాలుగు రకాతుల నమాజు రెండుకు తగ్గుతుంది. రకాతు అంటే నిలబడటం, వంగడం, సాష్టాంగపడటం కలిసిన ఒక ఆవృత్తి. ఎంత దూరం వెళితే ప్రయాణం అవుతుంది? మన దేశంలో చాలామంది పాటించే లెక్క సుమారు 78 కిలోమీటర్లు. మన స్టేషన్ నుంచి మేదినీపూర్ 13 కిలోమీటర్లే, అది ప్రయాణం కాదు. హౌరా సుమారు 115, అది ప్రయాణమే. రైల్లో నిలబడి చేసే వీలు లేకపోతే కూర్చునే చేసుకోవచ్చు.

ఇక రోజా. హిజ్రీ సంవత్సరంలో తొమ్మిదో నెల రంజాన్. ఖురాన్ రావడం ఈ నెలలోనే మొదలైందని నమ్ముతారు. నెల పొడవునా తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా తిండి లేదు, నీళ్లూ లేవు. తెల్లవారకముందు తినేది సహరీ, పొద్దు గుంకాక ఉపవాసం విడవడం ఇఫ్తార్. సాధారణంగా ఖర్జూరంతో, నీళ్లతో విడుస్తారు. నోరు కట్టుకుంటే సరిపోదు. అబద్ధం, చాడీ, కోపం కూడా మానాలి. "చాడీలు చెప్పకుండా ఉండటమే అన్నింటికన్నా కష్టం మాస్టారూ" అని ఆ అబ్బాయి మాతో అన్నాడు. మామూలుగా ఊరే ఉమ్ము మింగితే ఉపవాసం పోదు. ఈ ప్రశ్న అడిగినవారు ఇక నిశ్చింతగా ఉండవచ్చు.

చిన్నపిల్లలకు, జబ్బుపడినవారికి, ముదుసలులకు రోజా విధి కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ప్రయాణంలో ఉన్నవారు మానవచ్చు, మానిన రోజులను తరువాత ఉండి లెక్క సరిచేస్తారు. ఆ అబ్బాయి వాళ్లమ్మగారు ఆ రంజాన్‌లో గుంటూరు వెళ్లవలసి వచ్చి రైల్లో రెండు రోజులు రోజా వదిలేశారట. పండుగ అయ్యాక వారం రోజులకు, ఇంట్లో అందరూ తింటూ ఉండగా, ఆమె ఒక్కరే ఆ రెండు రోజులూ ఉపవాసం ఉన్నారు.

పండుగ ప్రతి ఏడాదీ ముందుకు ఎందుకు జరుగుతుంది? ఇది అడిగిన విద్యార్థి గణితంలో చురుకైనవాడు, అందుకని వివరంగా చెబుతాం. మన తెలుగు నెలలు చంద్రుడిని బట్టే నడుస్తాయి. హిజ్రీ నెలలూ అంతే. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే సుమారు 354 రోజులు, అంటే సౌర సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. మన పంచాంగంలో ఆ తేడా పోగుపడినప్పుడు, ఇంచుమించు మూడేళ్లకొకసారి, అధిక మాసం వేసి సరిచేస్తారు. అందుకే ఉగాది ఎప్పుడూ మార్చి, ఏప్రిల్ నెలల దగ్గరే ఉంటుంది. హిజ్రీ లెక్కలో అధిక మాసం లేదు. కనుక రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. ఒక మనిషి తన జీవితంలో చలికాలపు రోజాలూ ఉంటాడు, మే నెల ఎండలో రోజాలూ ఉంటాడు. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్లు మొదలవుతాయి.

మన నెల అమావాస్య మరునాడు మొదలవుతుంది. అది గణితంతో తేలుతుంది. హిజ్రీ నెల నెలవంక కంటికి కనిపిస్తే మొదలవుతుంది. అందుకే "పండుగ రేపా, ఎల్లుండా?" అన్నది ముందురోజు సాయంత్రం దాకా తేలదు. ఆ సాయంత్రం నింపురా క్వార్టర్ల మీద పడమటి ఆకాశం చూడండి. సన్నటి గీతలా కాసేపు కనిపించి దిగిపోతుంది.

జకాత్ సంగతి క్లుప్తంగా చెబుతాం. ఏడాది పాటు తన దగ్గర నిలిచిన సంపద ఒక హద్దు దాటితే, అందులో నలభయ్యో వంతు, అంటే రెండున్నర శాతం, పేదలకు ఇవ్వాలి. మన దేశంలో ఆ హద్దును సుమారు 612 గ్రాముల వెండి లేదా 87 గ్రాముల బంగారం విలువగా చూస్తారు. నిల్వ లక్ష రూపాయలై, అది ఆ హద్దు దాటితే జకాత్ 2,500 రూపాయలు. ఇది దయతో వేసే బిచ్చం కాదు, పేదవాడికి రావలసిన వాటా అని భావం. ఎవరికి ఇవ్వాలో ఎనిమిది రకాలుగా చెప్పారు. అప్పుల్లో చిక్కుకున్నవారు, దారిలో డబ్బు లేక ఇరుక్కుపోయిన బాటసారి కూడా అందులో ఉన్నారు. సొంత ఊళ్లో ఎంత కలిగినవాడైనా, పరాయి ఊళ్లో పర్సు పోతే ఆ రోజుకు పేదవాడే కదా.

స్తోమత, ఆరోగ్యం ఉన్నవారు జీవితంలో ఒక్కసారైనా మక్కాకు హజ్ యాత్ర చేయాలి. మగవారు కుట్టులేని రెండు తెల్లటి వస్త్రాలే కట్టుకుంటారు, కనుక ఎవరు ధనవంతులో తెలియదు. కాబా చుట్టూ ఏడుసార్లు ప్రదక్షిణ చేస్తారు, సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడుస్తారు. ఎడారిలో దాహంతో ఉన్న బిడ్డ కోసం నీళ్లు వెతుకుతూ అటూ ఇటూ పరుగెత్తిన తల్లి హాజిరాను తలచుకుంటూ చేసే నడక అది. ఆ రోజుల్లోనే ప్రపంచమంతటా బక్రీద్ జరుగుతుంది.

కలిమా, నమాజు, రోజా, జకాత్, హజ్ అనే ఈ ఐదింటినీ ఇస్లాంకు మూలస్తంభాలంటారు. సున్నీలు, షియాలు అనే రెండు ప్రధాన శాఖలున్నా ఈ ఐదు ఆచారాలూ ఇద్దరికీ విధులే.

మరి మన ఊళ్లలో చూసే పీర్ల పండుగ, దర్గాలు ఏమిటి అని మీరు అడుగుతారు. ఇక్కడే మా రెండో తప్పు. మేము దర్గాను "ఒక రకం మసీదు" అని రాశాం. రెండూ ఒకటి కావు. మసీదు నమాజు చేసే చోటు. దర్గా ఒక సూఫీ మహాత్ముని సమాధి. దర్గాకు వెళ్లడం ఐదు మూలస్తంభాల్లో లేదు. ఎంతో భక్తితో వెళ్లే ముస్లింలున్నారు, అది సరికాదనే ముస్లింలూ ఉన్నారు. ఆ అబ్బాయి ఇంట్లోనే నాయనమ్మది ఒక మాట, బాబాయిది ఒక మాట అట. మీ ఇళ్లలో ఉపవాసాల గురించి, మొక్కుల గురించి ఇలాంటి వాదన ఎప్పుడూ జరగలేదా?

పీర్ల పండుగ మొహర్రం నెలలో వస్తుంది. 680లో ప్రవక్త మనవడు హుసేన్ కర్బలా మైదానంలో నీళ్లు కూడా దొరక్కుండా ప్రాణాలు వదిలాడు. దాని స్మృతి అది. పండుగ అంటాం గాని నిజానికి దుఃఖదినం. తెలుగు పల్లెల్లో పీర్లను ఎత్తేవారిలో, నిప్పుల గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులు చాలామంది ఉంటారు. నెల్లూరులో అదే నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె వేరువేరు. మేము కడపలో పనిచేసినప్పుడు ఉగాది నాడు దేవుని కడపలోని వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు బెల్లం, చింతపండు పట్టుకుని రావడం చూశాం. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, స్వామి తమ ఇంటి అల్లుడు అని వారి మాట. వేసవి సెలవులకు విశాఖపట్నం వెళ్లేవారు ఓడరేవు దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కొండలు చూసే ఉంటారు. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇస్హాఖ్ మదీనా దర్గా.

అంత దూరం వెళ్లకపోయినా, కంసాయి నది దాటితే మేదినీపూర్‌లో జోడా మసీదు ఉంది. అక్కడ ఒక సూఫీ గురువు ఉర్సు, అంటే వర్ధంతి ఉత్సవం, ఏటా ఫిబ్రవరి మధ్యలో జరుగుతుంది. ఇది బెంగాలీ పంచాంగం ప్రకారం ఫాల్గుణం నాలుగో తేదీన జరుగుతుంది కనుక రంజాన్‌లా జరిగిపోదు. ఈ ఉర్సు కోసం బంగ్లాదేశ్‌లోని రాజ్‌బాడీ నుంచి మేదినీపూర్‌కు యాత్రికులతో ప్రత్యేక రైలు ఎన్నో ఏళ్లు వచ్చింది. సరిహద్దు దాటి ఒక ఉర్సు కోసం వచ్చే రైలు సంగతి మీ నాన్నగార్లను అడిగితే మాకంటే బాగా చెబుతారు.

ఇక మిగిలింది "నువ్వు తెలుగువాడివా, ముస్లింవా?" అన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పవలసింది ఆ అబ్బాయి కాదు. మొదటి రోజు ఆ ప్రశ్నను మా మాటల్లో తరగతిలో నాటింది మేమే. భాష వేరు, మతం వేరు. కోస్తా, రాయలసీమ ఊళ్లలో దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలకు ఇంటి భాష తెలుగే. పిఠాపురంలో పుట్టిన ఉమర్ అలీషా గారు (1885-1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వర విద్వాంసులు. శ్రీరంగంలో స్థిరపడి అక్కడి రంగనాథునికి తన సంగీతం సమర్పించారు. ఇటు ఖరగ్‌పూర్‌లో ఇంట్లో బెంగాలీ మాట్లాడే ముస్లింలున్నారు, ఉర్దూ మాట్లాడేవారూ ఉన్నారు.

2025 మార్చి 31న ఈద్. తరగతి నుంచి నలుగురు వాళ్ల ఇంటికి వెళ్లారు, మేమూ వెళ్లాం. వెళ్లేముందు "ఏమనాలి మాస్టారూ?" అని అడిగారు. "ఈద్ ముబారక్" అంటే చాలు, శుభాకాంక్షలని అర్థం. ఎవరైనా "అస్సలాము అలైకుమ్" అంటే, మీకు శాంతి కలగాలని. "వఅలైకుముస్సలాం" అనాలి, మీకూ కలగాలని. ఉదయం నమాజుకు వెళ్లేలోపే పేదలకు ఫిత్రా ఇచ్చేశారని, పేదవాడి ఇంట్లో కూడా ఆ రోజు పొయ్యి వెలగాలన్నది దాని ఉద్దేశమని అబ్బాయి నాన్నగారు చెప్పారు. నాయనమ్మగారు పాలల్లో సేమియాలు, ఖర్జూరాలు, జీడిపప్పు వేసి చేసిన షీర్ ఖుర్మా గిన్నెలతో తెచ్చిపెట్టి, "తినండయ్యా, మొహమాటపడబాకండి" అన్నారు. ఆ గుంటూరు మాట విని శ్రీకాకుళం యాస పిల్లలు నవ్వారు. ఈసారి ఆ అబ్బాయి కూడా నవ్వాడు. పుట్టినరోజు చాక్లెట్ ఏమైందని ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజు ఇఫ్తార్ వేళకు జేబులోనే కరిగిపోయిందట, అమ్మ చేత తిట్లు తిన్నాడట.

ఇప్పుడు మీకు ఒక పని. తెలుగులో అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. జవాబు, కుర్చీ, కాగితం, తారీఖు, జిల్లా, వకీలు, ఖర్చు, రసీదు. స్టేషన్లో సామాను మోసే హమాలీ. పొలం దున్నే రైతు. వచ్చే సంచికలోపు ఇంట్లో పెద్దలను అడిగి, నిఘంటువు చూసి, ఒక్కొక్కరు పది మాటలు పోగుచేసి తీసుకురండి. ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన రాయాలి. తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఆ అబ్బాయి తెలుగు పీరియడ్‌లో ముందు బెంచీలో కూర్చుని ఇప్పటికే ఇరవై రాశాడు. మొదటి పేజీలో 'హాజరు', దాని కింద 'బదిలీ' ఉన్నాయి. వాటిని వదిలి వేరేవి వెతకండి.